ఐగుప్తు దారిలో గోడచాటు మనిషి

మా తెలుగు సంఘానికి సొంత గుడి లేదు. డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ఒక అమెరికన్ చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటాం. పొద్దున వాళ్ళ ఆరాధన ముగిసి, వాళ్ళు తాగిన కాఫీ వాసన ఇంకా గదిలో ఉండగానే మేం కీబోర్డు, తబలా, పిల్లల స్వెట్టర్లు మోసుకుంటూ దిగుతాం. మాలో చాలామందిమి గోదావరి జిల్లాల నుంచో, గుంటూరు, ఒంగోలు వైపు నుంచో వచ్చినవాళ్ళం. కార్ల కంపెనీల్లోనో, వాటికి విడిభాగాలు చేసిచ్చే చోట్లనో పని చేస్తాం. నా పని కారు సీటు కింద ఉండే ఇనుప బ్రాకెట్ల డ్రాయింగులు సరిచూడటం. ఎవరో గీసి పంపిన దాంట్లో గీత ఎక్కడ తప్పిందో, రంధ్రం ఎక్కడ జరిగిందో పట్టుకోవాలి. ఆ పనిలో నాకు మంచి పేరే ఉంది. తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతు చిక్కకపోతే ఆ డ్రాయింగు నా బల్ల మీదికి వస్తుంది. ఈ సంగతి ఇక్కడే చెప్పేసుకోవడం మంచిది. తర్వాత చెప్పడానికి ముఖం చెల్లదు.

ప్రతి డిసెంబరులో జరిగే క్రిస్మస్ కార్యక్రమానికి వేదిక వెనక గోడంతా కప్పేలా ఒక బ్యానర్ కడతాం. నేను ఈ సంఘంలో చేరకముందు నుంచీ ఆ బ్యానర్ పని ఒక పెద్దాయనదే. ఉద్యోగం నుంచి రిటైరై చాలాకాలమైంది. ఈ చుట్టుపక్కల కరివేపాకు దొరకని రోజుల్లో వచ్చిన మనిషి. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని అంకుల్ అనే పిలుస్తారు, నేనూ అంతే. ఆయన బ్యానర్‌లో లేనిది ఉండేది కాదు. పశువుల తొట్టి, జ్ఞానులు, వాళ్ళ ఒంటెలు, ఒంటెల పక్కనే టోపీ పెట్టుకున్న స్నోమాన్, పైన మెరుపుల పొడి చల్లిన పెద్ద నక్షత్రం. ఆ మెరుపులు చలికాలం పోయేదాకా మా కోట్లకు అంటుకునే ఉండేవి.

ఒకసారి మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసమని డెట్రాయిట్‌లో మ్యూజియంకి వెళ్ళాం. తను పెద్ద పెద్ద రంగుల బొమ్మల ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే, నేను కాళ్ళు నొప్పెట్టి పక్కనున్న మసక వెలుతురు గదిలోకి వెళ్ళాను. అక్కడ గోడల నిండా చిన్న చిన్న నలుపు తెలుపు బొమ్మలు. రాగి రేకు మీద సన్నటి పనిముట్టుతో గీతలు చెక్కి, ఆ గీతల్లో సిరా నింపి, కాగితం మీద ఒత్తి తీసిన అచ్చులు. నాలుగైదు వందల ఏళ్ళ కిందటివి. అందులో ఒకటి నన్ను ఆపేసింది. పేరు 'ఐగుప్తుకు పారిపోతూ దారిలో విశ్రాంతి'. ఐగుప్తంటే ఈజిప్టే. పోస్టుకార్డుకు కాస్త పెద్దది. ఒక మూల చెట్టు కింద మరియమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. యోసేపు గాడిద మీంచి మూట దించుతున్నాడు. ఆ ముగ్గురూ కలిసి నా బొటనవేలి గోరంత లేరు. మిగిలిందంతా లోకమే. కొండలు, ఏరు, ఏటి మీద వంతెన, వంతెన దాటాక పల్లె, పొలాలు, దూరంగా కోట, ఆకాశంలో పక్షులు.

నేను బొమ్మల గురించి తెలిసినదాన్ని కాదు. కానీ గీతల గురించి తెలుసు. అందులో రంగు లేదు, నీడ లేదు, ఉన్నవల్లా గీతలే. దగ్గరదగ్గరగా గీస్తే చీకటి, ఎడంగా గీస్తే వెలుగు. ఒక్క గీత తప్పినా చెరిపే వీల్లేని పని. అంత పెద్ద లోకంలో దేవుణ్ణి అంత చిన్నగా, ఓ మూల అలసిపోయిన కుటుంబంలో పెట్టిన ఆ మనిషి ఎవరో గానీ, మా అమ్మాయి వచ్చి పిలిచేదాకా నేను ఆ బొమ్మ ముందే నిలబడ్డాను. ఇంటికి వచ్చాక మ్యూజియం వాళ్ళ వెబ్‌సైట్‌లో వెతికితే ఆ బొమ్మ దొరికింది. ఎవరైనా దించుకోవచ్చు, ఎంత పెద్దదిగానైనా అచ్చు వేసుకోవచ్చు. అప్పటినుంచి నాలో ఒక గర్వం మొదలైంది. అది గర్వమని అప్పుడు తెలియలేదు. అభిరుచి అనుకున్నాను.

అక్టోబరులో క్రిస్మస్ కమిటీ కూర్చుంది. పాస్టర్‌గారు, కమిటీ పెద్దలు, పాటల బృందం తరఫున నేను. అంకుల్ వెనక కాఫీ పాత్ర దగ్గర కప్పులు సర్దుతున్నారు. బ్యానర్ సంగతి వచ్చినప్పుడు నేను చెయ్యెత్తాను.

"ఈసారి కాస్త డీసెంట్‌గా ఉండేది పెడదామండీ. ఏటా ఆ స్నోమాన్‌లూ, ఆ మెరుపులూ... ఎవరిదో బర్త్‌డే పార్టీకి వచ్చినట్టుంటుంది. నా దగ్గర ఒక క్లాసిక్ ఉంది."

ఫోన్‌లో బొమ్మ చూపించాను. పాస్టర్‌గారికి నచ్చింది. కమిటీ పెద్దల్లో ఒకాయన మాత్రం నొసలు ముడిచి, "బ్లాక్ అండ్ వైటా సిస్టర్? చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థ కూడికలా ఉండదూ?" అన్నారు. నేను నవ్వి, యూరప్‌లో పాత చర్చిలంటే ఎలా ఉంటాయో నాకు తెలిసినట్టు నాలుగు మాటలు చెప్పాను. యూరప్ నేను చూసింది లేదు. విమానం మారడానికి ఒకసారి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాను, అంతే.

"అంకుల్‌ని కూడా ఓ మాట అడుగుదాం," అన్నారు పాస్టర్‌గారు.

అంకుల్ కప్పులు పట్టుకునే ఇటు తిరిగారు. "మంచిదేనండీ. కొత్తవాళ్ళు చెయ్యాలిగా," అన్నారు. అని మళ్ళీ కప్పుల వైపు తిరిగారు.

బ్యానర్ అచ్చుకు పంపే ముందు నేను బొమ్మను తెర మీద పెద్దది చేసి చూసుకున్నాను. మరియమ్మ ముఖం, బిడ్డ వేళ్ళు, గాడిద చెవులు, కింద అంచున ఉన్న పాత అక్షరాలు అన్నీ గీత గీతా చూశాను. వెనక పల్లె ఉంది కదా, అది ఉత్త సీనరీ. సీనరీని ఎవరు చెక్ చేస్తారు?

కార్యక్రమం ముందురోజు శనివారం మధ్యాహ్నం బ్యానర్ కట్టాం. ఆ హాల్లో కొక్కేలు ఎక్కడున్నాయో, గుడ్డ ఎక్కడ వేలాడిపోతుందో తెలిసింది అంకుల్‌కే కాబట్టి ఆయనే నిచ్చెన వేసుకుని ఎక్కారు. నేను వేదిక మీద నిలబడి కింది అంచు పట్టుకున్నాను. నా ముందంతా తాళ్ళంత లావు నల్ల గీతలే. అంత దగ్గర నుంచి ఏది కొండో, ఏది ఆకో తెలియలేదు. కట్టడం అయ్యాక అంకుల్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి హాలు చివర బెంచీల దాకా నడిచి వెళ్ళారు. అక్కడ చాలాసేపు నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"స్ట్రెయిట్‌గా ఉందా అంకుల్?" అని అరిచాను.

"ఉందమ్మా. అంతా బాగుంది."

ఆదివారం హాలు నిండిపోయింది. హాలు అద్దెకిచ్చిన చర్చికి పాస్టర్‌గా ఉన్న అమెరికన్ ఆవిడను ముఖ్య అతిథిగా పిలిచాం. ఆవిడ మొదటి వరసలో ఎర్ర కోటు వేసుకుని కూర్చుంది. ఇండియాలో ఉన్న మా అమ్మావాళ్ళ లాంటివాళ్ళు చూడటానికి లైవ్ పెట్టారు. వేదిక దీపాలన్నీ వెలిగించగానే బ్యానర్ మీది కొండలు లోతుగా, నిజంగా దూరంగా ఉన్నట్టు కనిపించాయి. "ఎంత బాగుంది సిస్టర్, ఎవరు సెలెక్ట్ చేశారు?" అని ఎవరో అడిగితే ఆ మాట మళ్ళీ అడిగించుకోవడానికి వినపడనట్టు నటించాను. మా పాటల బృందం పాడింది. చిన్నపిల్లలు గొర్రెపిల్లల వేషాల్లో డ్యాన్స్ చేశారు. నేను వచ్చి మా అమ్మాయి పక్కన కూర్చున్నాను.

పాస్టర్‌గారు వాక్య ప్రసంగం మొదలుపెట్టారు. హేరోదు రాజు చంపిస్తాడన్న భయంతో పసిబిడ్డను తీసుకుని దేశం దాటిన ఆ కుటుంబం గురించి. వీసాలు లేని ప్రయాణం అన్నారు. అందరూ తలలూపారు. అప్పుడాయన వెనక్కి చెయ్యి చాపి, బ్యానర్ చూపించారు.

"ఈ చిత్రాన్ని కాస్త జాగ్రత్తగా చూడండి. ఆ చిత్రకారుడు ఏ చిన్న సంగతీ వదిలిపెట్టలేదు. ప్రభువు ఎలాంటి లోకంలోకి వచ్చారో మొత్తం చూపించాడు."

అందరూ జాగ్రత్తగా చూశారు.

మా అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది. "మమ్మీ, ఆ బార్న్ వెనక... చూడు."

"ఏంటి?"

"ఆ మనిషి. పాస్టర్ అంకుల్ తల పైన. మమ్మీ, అతను బాత్రూమ్ పోతున్నాడు. బట్ దేర్ ఈజ్ నో బాత్రూమ్."

వంతెన అవతల పల్లె, పల్లె చివర పశువుల కొట్టం, కొట్టం గోడచాటున ఒక మనిషి. టోపీ తలమీదే ఉంది. చొక్కా వెనక నుంచి పైకెత్తుకుని, గొంతుక్కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ముఖం మావైపు తిప్పి ఉన్నాడు. అసలు బొమ్మలో బియ్యపుగింజంత ఉండి ఉంటాడు. మా గోడ మీద జానెడు ఎత్తున ఉన్నాడు. చెక్కినవాడు ఏమీ దాచలేదు. కింద నేల మీద ఉండవలసింది కూడా ఉంది.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపించింది. హైస్కూలు పిల్లల వరసలో ఎవరో ముక్కుతో నవ్వు ఆపుకున్నారు. ఫోన్లు లేచాయి. ఆ నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకింది. ఒకావిడ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టర్‌గారు తన మాటల్లో నవ్వొచ్చే సంగతి ఏమిటా అని తడబడి, వెనక్కి తిరిగి చూశారు. ఇటు తిరిగారు. మళ్ళీ ఒకసారి వెనక్కి చూశారు. పాపం, ఆ క్షణంలో ఆయనకు ఒక్కటే ఉపాయం తోచింది.

"అందరం కళ్ళు మూసుకుందాం. ప్రార్థన చేసుకుందాం."

అంత పొడుగు ప్రార్థన ఆయన ఎప్పుడూ చేయలేదు. అమెరికా అధ్యక్షుడి కోసం, భారతదేశ నాయకుల కోసం, ఉద్యోగాలు పోయినవారి కోసం, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవారి కోసం, వంటగదిలో బిర్యానీ వేడి చేస్తున్నవారి కోసం. నేను కళ్ళు మూసుకోలేదు. ఇద్దరు మగవాళ్ళు వంగి నడుస్తూ వచ్చి, వేదిక పక్కనున్న క్రిస్మస్ చెట్టును ఎత్తి ఆ మనిషికి అడ్డంగా పెట్టబోయారు. ఒక గాజు బంతి ఊడి, మెట్ల మీద టక్కుటక్కుమంటూ దొర్లుకుంటూ మొదటి వరస దాకా వచ్చింది. మూసుకున్న కళ్ళన్నీ తెరుచుకున్నాయి. చెట్టు చాలినంత ఎత్తు లేదు. చివరన ఉన్న నక్షత్రం సరిగ్గా అతని కిందికి వచ్చి ఆగింది. ఇప్పుడు ఆ మనిషి నక్షత్రం మీద కూర్చున్నాడు.

అప్పుడిక ఎవరూ ఆపుకోలేదు. పిల్లలు బల్లలు కొడుతూ నవ్వారు. నేను చుట్టూ చూశాను. నవ్వకుండా ఉన్నది అంకుల్ ఒక్కరే. రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని, తల బాగా కిందికి వంచుకుని ఉన్నారు. నా కోసం ప్రార్థిస్తున్నారనుకున్నాను. ఎవరో వేదిక దీపాలు ఆర్పేశారు. చివర్లో పాడాల్సిన కొవ్వొత్తుల పాట ముందుకు జరిపి, మిగిలిన కార్యక్రమమంతా చీకట్లోనే కానిచ్చారు.

భోజనాల దగ్గర ఎవరూ నన్ను ఏమీ అనలేదు. వడ్డించేవాళ్ళు నాకు బిర్యానీలో ముక్కలు ఎక్కువే వేశారు. చావు జరిగిన ఇంటి మనిషికి వేసినట్టు. ఎర్ర కోటు పాస్టరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఇట్స్ వెరీ హ్యూమన్. ఆ కాలం కళాకారులు ఇలాంటివి పెట్టేవారు, డోంట్ వర్రీ," అంది. నవ్వినవాళ్ళకన్నా ఆవిడ మాటకే నాకు ఎక్కువ తల కొట్టేసినట్టయింది. ఆవిడ చర్చి హాల్లో, వాళ్ళ వేదిక మీద, నేనే కదా దాన్ని తెచ్చి కట్టింది.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ ఫోను, భీమవరం నుంచి.

"ప్రోగ్రాం అంతా చూశానే. మధ్యలో దీపాలు పోయాయేంటి? అక్కడ కూడా కరెంటు తీస్తారా?"

"ఊఁ, ఏదో ప్రాబ్లమ్ అమ్మా."

"ఆ బొమ్మ మాత్రం ఎంత బాగుందో. అయ్యగారి వెనకాల ఎవరో గోడ పక్కన మోకరించాడు చూడు, గొర్రెల కాపరా? ఒక్కడూ అలా ప్రార్థన చేసుకుంటుంటే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి."

"అవునమ్మా," అన్నాను. "గొర్రెల కాపరే."

మర్నాడు, బొమ్మ జ్ఞాపకార్థ కూడికలా ఉంటుందన్న కమిటీ పెద్ద ఫోన్ చేశారు. కోపంగా తిడతారనుకుని సిద్ధపడ్డాను. ఆయన మెల్లగా, "సిస్టర్, ఆ ఫైల్‌లో ఎవరైనా కావాలని కలిపారేమో కనుక్కున్నారా? ఈ రోజుల్లో హ్యాక్ చేస్తుంటారు కదా," అన్నారు. నాకు తప్పించుకునే దారి ఆయనే చూపిస్తున్నారు. కాదండీ, అది మొదటి నుంచీ అందులో ఉంది, నేనే చూసుకోలేదు అని చెప్పాలి. "చెక్ చేస్తానండీ," అన్నాను. ఆ మాట పట్టుకుని ఆయన నలుగురికీ వైరస్ అని చెప్పినట్టు తర్వాత తెలిసింది. నేను కాదనలేదు.

వాట్సాప్ గ్రూపులో కార్యక్రమం ఫొటోలు వచ్చాయి. అన్నిటినీ పైభాగం కత్తిరించి పెట్టారు. కొన్నింట్లో పాస్టర్‌గారి నుదురు కూడా పోయింది. ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. నేను జనవరిలో కొన్ని ఆదివారాలు చర్చికి వెళ్ళలేదు. మంచు ఎక్కువగా ఉందని, జలుబని ఏదో ఒకటి చెప్పాను. మా ఆయన మాత్రం వెళ్ళొచ్చి, "నిన్ను అడుగుతున్నారు," అనేవాడు. ఎవరని నేను అడగలేదు. కమిటీలో నేనన్న 'డీసెంట్' అన్న మాట ఎవరూ నాకు గుర్తు చేయలేదు. నాకే గిన్నెలు కడుగుతున్నా, కారు నడుపుతున్నా చెవిలో వినిపించేది, నా గొంతుతోనే.

అలాంటి ఒక శనివారం అంకుల్, ఆంటీ మా ఇంటికి వచ్చారు. ఆంటీ డబ్బా నిండా గులాబీ పువ్వులు తెచ్చింది, క్రిస్మస్‌కి చేసే పిండివంట, నూనె వాసన లేకుండా కరకరలాడుతూ ఉన్నాయి. మా ఆయన కొత్తగా వేయించిన బేస్‌మెంట్ చూపిస్తానని ఆంటీని కిందికి తీసుకువెళ్ళాడు. అంకుల్ రానన్నారు. మోకాళ్ళు నొప్పులన్నారు. ఇద్దరమే మిగిలాం. ఆయన కప్పులో టీ చల్లారిపోయేదాకా తాగలేదు.

"అమ్మా, ఆ శనివారం నేను చూశాను."

"ఏం చూశారంకుల్?"

"వాణ్ణి."

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన కప్పులోకి చూస్తున్నారు.

"లాస్ట్ బెంచ్ దగ్గర నిలబడితే బాగా కనిపించాడు. ముందు నా కళ్ళేమో అనుకున్నా. అద్దాలు తుడుచుకుని చూశా. చెప్దామని నోరు కూడా తెరిచాను. నువ్వు అడిగావు, స్ట్రెయిట్‌గా ఉందా అని. ఉందన్నాను. ఇంటికెళ్ళాక మీ ఆంటీకీ చెప్పలేదు. ఆదివారం పొద్దున ఫోన్ తీశా, మళ్ళీ పెట్టేశా. పెద్ద పనేం కాదు. ఒక తెల్ల కాగితం అంటిస్తే పోయేది."

నేను గులాబీ పువ్వుల డబ్బాకు మూత పెట్టాను.

"పిల్లలు నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చిందమ్మా. తల వంచుకుంది అందుకే. అందరూ ప్రేయర్ చేస్తున్నా అనుకున్నారు. దేవుడి దగ్గర ఒప్పుకున్నాను. అయినా నిద్ర పట్టట్లేదు. ఈ వయసులో నాకా బుద్ధి ఏంటి?"

ఆయన మీద కోపం రావాలి. ఎక్కడా రాలేదు. ఆ హాల్లో కప్పులు పట్టుకుని ఇటు తిరిగిన మనిషే కనిపించారు. "పర్లేదంకుల్," అన్నాను.

"పర్లేదు కాదమ్మా. అలా అనకు."

"అసలు నేనే ముందు... ఆ రోజు కమిటీలో నేనన్న మాట..."

"ఇప్పుడా మాటెందుకులే," అన్నారు వెంటనే.

ఏ మాట అని ఆయన అడగలేదు. అడిగివుంటే, ఆయన మరిచిపోయారని నేను అనుకోగలిగేదాన్ని. మెట్ల మీద ఆంటీ వస్తున్న చప్పుడైంది. "బాగా వేయించారమ్మా, కింద చిన్న కూడిక పెట్టుకోవచ్చు," అంటూ వచ్చింది. అంకుల్ చల్లటి టీ ఒక్క గుక్కలో తాగేశారు.

ఇదంతా ఇప్పుడు రాస్తున్నది ఆయన్ని అడిగాకే. "పేర్లు పెట్టకు, మిగిలింది నీ ఇష్టం," అన్నారు.

ఆ తర్వాత ఆదివారం చర్చికి వెళ్ళాను. ఆరాధన అయ్యాక క్రిస్మస్ లెక్కలు, పొరపాట్లు మాట్లాడుకోవడానికి కమిటీ కూర్చుంటుందన్నారు. నేనొక నిర్ణయానికి వచ్చాను. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే క్షమాపణ అడగాలి. పాటల బృందంలో పాడేదాన్ని, సంఘం ముందు నిలబడి సాక్ష్యాలు చెప్పేదాన్ని, ఈ మాత్రం చేయలేనా అనుకున్నాను. కారులో వాక్యాలు కూడా కూర్చుకున్నాను. బ్యానర్ సంగతి రాగానే లేచి నిలబడ్డాను.

"ఆ బ్యానర్ విషయంలో ఎవరి తప్పూ లేదు. వైరస్ కాదు, ఏం కాదు. అది ఆ బొమ్మలో ముందు నుంచే ఉంది, నేను చూసుకోలేదు. ఇంకొక సంగతి చెప్పాలి. అంకుల్ విషయంలో..."

వెనక కుర్చీలో కూర్చున్న అంకుల్ వైపు చూశాను. ఆయన ముఖంలో రక్తం లేదు. కుర్చీ అంచు పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి. ఆయన నా ఇంట్లో చెప్పిన మాట నేను ఇక్కడ అందరి ముందూ బయటపెట్టబోతున్నాననుకున్నారు. ఆయన కళ్ళల్లో ఆ భయం చూశాక నా వాక్యాలన్నీ మరిచిపోయాను.

"అంకుల్ చేసే డెకరేషన్ గురించి ఆ రోజు నేను తక్కువ చేసి మాట్లాడాను. సారీ అంకుల్," అని గబగబా చెప్పేశాను.

"ఎప్పుడు సిస్టర్? మాకు గుర్తే లేదు," అన్నారు ఒకరు.

"ఏమన్నారేంటి?" అన్నారు ఇంకొకరు, నిజంగానే తెలుసుకోవాలని.

ఇక చెప్పక తప్పలేదు. డీసెంట్‌గా ఉండాలన్నానని, బర్త్‌డే పార్టీలా ఉందన్నానని. ఎవరికీ గుర్తులేని మాటను నేనే మళ్ళీ ఒక్కొక్క ముక్కా వినిపించాను. గదిలో ఎవరో తేలిక చేద్దామని నవ్వారు. "అయ్యో, దానికేముంది సిస్టర్! అంకుల్ స్నోమాన్‌ని చూసి మేం ఏటా నవ్వుకుంటాంలెండి. బేత్లెహేములో ఒంటె పక్కన స్నోమాన్!" ఇంకో ఇద్దరు కూడా నవ్వారు. ఒకాయన మెరుపుల సంగతి ఎత్తారు. అవి ఆయన ఆఫీసు సూటుకు అంటుకుంటే బాస్ ఏమన్నాడో చెప్పారు. ప్రేమగానే అన్నారు. అందరూ అంకుల్ అంటే ఇష్టమున్నవాళ్ళే. అంకుల్ కూడా నవ్వుతున్నట్టు పెదవులు సాగదీసి కూర్చున్నారు. అన్నేళ్ళూ తను చేసింది చూసి వీళ్ళంతా నవ్వుకునేవారని ఆయనకు ఆ రోజే తెలిసింది. తెలిసేలా చేసింది నేను.

పాస్టర్‌గారు, "సరేనండీ, చిన్న విషయం. వచ్చే ఏడు ప్లెయిన్ కర్టెన్ కట్టేద్దాం," అని తర్వాతి అంశానికి వెళ్ళారు.

మీటింగ్ అయ్యేసరికి బయట సన్నగా మంచు పడి కార్ల మీద గట్టిపడింది. అంకుల్ తన కారు ముందద్దం గీకుతున్నారు. ఆంటీ లోపల హీటర్ వేసుకుని కూర్చుంది. నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.

"అంకుల్, అలా అవుతుందనుకోలేదు."

"తెలుసమ్మా."

"మీరు నాతో చెప్పింది ఎవరికీ చెప్పను. మీరు భయపడ్డారు."

ఆయన గీకడం ఆపలేదు. "భయపడ్డాను," అన్నారు. అద్దం మూలకు జరిగి, "ఇంకెప్పుడూ నాకు అందరి ముందు సారీ చెప్పకమ్మా," అన్నారు. కోపంగా కాదు. కాళ్ళ మీద పడబోయిన పిల్లల్ని వద్దని ఆపినట్టు.

నేను నా కారులోంచి మంచు గీకే బ్రష్ తెచ్చి, రెండోవైపు అద్దం గీకడం మొదలుపెట్టాను. మంచు పొరలు పొరలుగా లేచి నా చేతి తొడుగుల మీద పడుతోంది. లోపల ఆంటీ ముఖం కొంచెం కొంచెంగా బయటపడి, నన్ను చూసి చెయ్యి ఊపింది. ఆవిడకేమీ తెలియదు. అద్దం సగానికి పైగా తేటపడ్డాక కూడా నేను ఆపలేదు. ఆయనే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"చాలమ్మా, కనిపిస్తోంది," అన్నారు. అని కారెక్కి, మెల్లగా వెనక్కి తీసి, రోడ్డు మీదికి వెళ్ళిపోయారు.